తాయారు ఒప్పుకున్న తప్పు

తాయారు ఒత్తిన అప్పడం నూనెలో పడగానే పళ్లెమంత పొంగేది. ఇప్పుడు దొరికేవీ అప్పడాలేనా, నా మొహం! వాషర్‌మెన్‌పేటలో ఆ వీధి ఆడవాళ్లు ఇంట్లో పెళ్లి కుదిరితే పురోహితుడికంటే ముందు తాయారుకే కబురు పెట్టేవాళ్లు. మిద్దె మీద పాత పంచె పరిచి, అప్పడాలు ఆరబెట్టుకుంటూ, కాకుల్ని తిట్టుకుంటూ ఆమె ఎంత దర్జాగా బతికిందో! మొగుడు పోయినా ఎవరి ముందూ చెయ్యి చాచలేదు.

ట్రాములు ఆగిపోయిన ఏడాది ఆమె అన్న యతిరాజులుకు కండక్టరు పని పోయింది. ఆ ట్రాము గంట వినబడని పొద్దులు అలవాటు కావడానికి వీధికే చాన్నాళ్లు పట్టింది, ఇక ఆయన సంగతి చెప్పాలా? ఆ దిగులు తీరకముందే వదిన జ్వరంతో కన్నుమూసింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. యతిరాజులు పని వెతుక్కుంటూ బెంగుళూరు పోతూ, పద్నాలుగేళ్ల కొడుకు జనార్దనాన్ని చెల్లెలికి అప్పగించాడు.

పిల్లోడు అన్నం ముట్టడు, నిద్రపోడు. మందుల కొట్టు భక్తవత్సలం ద్రాక్షాసవం సీసా ఇచ్చి, "అన్నం తిన్నాక రెండు చెంచాలు పోయమ్మా, బలం" అన్నాడు. తాయారు రెండు చెంచాలతో ఊరుకుంటేనా! అది పులిసిన మందని, అందులో మత్తుంటుందని ఆ పిచ్చితల్లికి ఏం తెలుసు? చిన్నప్పుడు వాడికి పాలు పట్టిన ఉగ్గుగిన్నె నిండా పోసింది. వాడు గుర్రుపెట్టి నిద్రపోతే మురిసిపోయి, మర్నాడు రెండు గిన్నెలు పోసింది.

రెండేళ్లు తిరిగాయి. సర్కారు తాగుడు మాన్పించిన కాలమది. సారాయి వాసనొస్తే పోలీసులు లాక్కుపోయేవాళ్లు, మందు సీసానైతే ఎవరడుగుతారు? కట్టెల డిపో వెనక ఆ సీసాలతో నలుగురు కుర్రాళ్లు చేరేవాళ్లు. ఇంట్లో అమ్మ లేదని ఒకడికి దిగులు, బడిలో తప్పానని ఒకడికి సిగ్గు. జనార్దనానికి ఆ రెండూ ఉన్నాయి. పొద్దున లేస్తే వాడి చేతులు వణికేవి. ఇంట్లో ఇత్తడి చెంబులు మాయమైతే తాయారు బిచ్చగాళ్లను తిట్టిందే గాని, వాణ్ణి అనుమానించలేదు.

అప్పుడొక మంచి కబురొచ్చింది. అదే వీధిలో ఉండే వరదరాజులు రైలు పెట్టెల కార్ఖానాలో మేస్త్రి. "నడత మంచిదైతే చాలు, వచ్చే నెల పిల్లోణ్ణి పనిలో చేర్పిస్తా" అన్నాడు. తాయారు సంతోషం పట్టలేక, వాణ్ణి వెంటబెట్టుకుని ఇంగువ కొనడానికి భక్తవత్సలం కొట్టుకు పోయింది. వరదరాజులు అక్కడే మోకాళ్ల తైలం బేరమాడుతున్నాడు.

"తాయారమ్మా, ఒంట్లో ఎట్లుంది?" అన్నాడు భక్తవత్సలం. "నీకని చెప్పి మీవోడు వారానికి నాలుగు ద్రాక్షాసవం సీసాలు తీసకపోతాండాడు. అంత తాగితే ఎట్లమ్మా?"

కొట్లో వాళ్లంతా తిరిగి చూశారు. తాయారు మేనల్లుడి మొహం చూసింది. నెత్తురు చుక్క లేదు. ఆమెకు అంతా అర్థమైంది. పక్కనే మేస్త్రి.

"నాకేనయ్యా," అంది. "అలవాటైపోయింది. ఏం చేసేది?"

ఆ పూట నుంచి ఆమె అప్పడాలు అడిగినవాళ్లు లేరు. "తాగుబోతు చేతి తిండి మాకొద్దు" అన్నారు, నిన్నటిదాకా లొట్టలేసిన వాళ్లే!

ఇంటికొచ్చి జనార్దనం కాళ్ల మీద పడితే, "పోసింది నేనే గదరా, ఇంకెవర్ని కొట్టేది?" అని ఆమె బావురుమంది. ఉన్న సీసా తూములో వంచేసింది. నాలుగు రోజులు వాడు చెమటలు కక్కుతూ, వణుకుతూ, "ఒక్క గుక్క అత్తా" అని బతిమాలాడు. ఆమె తలుపుకు అడ్డంగా కూర్చుని గంజి తాపింది, తిట్టింది, తిట్టి ఏడ్చింది. పనిలో చేరాక కూడా వాడు ఒకసారి జారాడు. మళ్లీ అదే తలుపు, అదే గంజి.

పనిలో చేరి ఏడాది నిండిన రోజు జనార్దనం ఉండబట్టలేకపోయాడు. కొట్టు ముందు నిలబడి, మేస్త్రీ భక్తవత్సలమూ వినేటట్టు అరిచాడు. "ఆ సీసాలు తాగింది నేను! మా అత్త ఒక్క చుక్క ముట్టలే!"

తాయారు చెవిన ఆ మాట పడింది. పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

"అబద్ధం! నా పరువు కోసం ఎట్లా బొంకుతాండాడో చూడండి!"

వీధి ఆమె మాటే నమ్మింది. వరదరాజులు కుర్రాడి భుజం తట్టి, "బంగారం లాంటి పిల్లోడు" అన్నాడు. జనార్దనం నడివీధిలో వెక్కి వెక్కి ఏడ్చాడు. తాయారు వాడి చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోయింది.

"రారా, అన్నం ఆరిపోతాంది."