కోడలు కొన్న బల్బులు

మా కోడలు ఒంగోలు పిల్ల. మా ఇంటికొచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు దాని మీద ఏం రాసి ఉందో చదవడం ఆ అమ్మాయి అలవాటు. మాత్రల అట్ట, నూనె ప్యాకెట్టు, పురుగుమందు డబ్బా, ఏదైనా సరే. మా ఆయనకి అది వింతగా ఉండేది. "ఏమే, నీ కోడలు ఉప్పు ప్యాకెట్టుని కూడా బైబిల్ వాక్యం చదివినట్టు చదువుతోందే!" అని నాతో నవ్వేవారు.

నేను మా ఊరి బడిలోనే పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఆయన మిరప, పత్తి వేసే రైతు. బేరమాడి సరుకు తేవడంలో తన తర్వాతే ఎవరైనా అని ఆయన ధీమా.

మిరప కోతల రోజుల్లో ఒక సాయంత్రం గుంటూరు యార్డు నుంచి వస్తూ, రోడ్డు పక్కన తోపుడుబండి మీద కుప్పపోసి అమ్ముతున్న ఎల్‌ఈడీ బల్బులు సంచెడు తెచ్చారు. దేనికీ పెట్టె లేదు. కోడలు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"మావయ్యగారూ, వీటి మీద ఏమీ రాయలేదండీ. కంపెనీ పేరు కూడా లేదు."

"వెలగడానికి రాతెందుకమ్మా?" అన్నారాయన.

నిజమే, వెలిగాయి. కాకపోతే పొలాల్లో మోటార్లు వేసే వేళకి వరండాలో బల్బు కొట్టుకోవడం మొదలుపెట్టేది. కొద్దిరోజులకే వంటింట్లోది ఆరిపోయింది. ఆయన స్విచ్ కట్టెయ్యకుండానే స్టూలెక్కి, దాన్ని నొక్కి తిప్పబోయారు. పైనున్న తెల్లటి బుడ్డి ఊడి చేతిలోకొచ్చింది. అడుగుభాగం హోల్డర్లోనే ఉండిపోయి, తెగిన వైరు బయటికి తేలింది. దానికి ఆయన వేలు తగిలింది. పెద్దగా అరిచి స్టూలు మీది నుంచి పడిపోయారు.

నేను ఆయన మీదికి పరుగెత్తబోయాను. "అత్తయ్యా, ముట్టుకోవద్దు!" అని అరుస్తూ కోడలు మెయిన్ స్విచ్ దగ్గరికి ఉరికింది. కరెంటు కట్టేశాకే వచ్చి ఆయన తల ఒళ్లో పెట్టుకుంది. ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. గుండెకి ఏమీ కాలేదని, మోచెయ్యి మాత్రం బెణికిందని చెప్పారు. దారి పొడుగునా ఆ పిల్ల ఆయన చెయ్యి వదల్లేదు.

మర్నాడు మెయిన్ కట్టేసి ఇంట్లో బల్బులన్నీ తీసేసింది. "అత్తయ్యా, గుంటూరు వెళ్లి మంచివి కొనుక్కొద్దాం, వస్తారా?" అని అడిగింది. ఆయన మంచం మీంచి, "బల్బులకి ఇద్దరు మనుషులా?" అని గొణిగారు గానీ ఆపలేదు.

మొదటి కొట్లో చూపించిన వాటి మీద ఏ గుర్తూ లేదు. రెండో కొట్లో బిల్లు ఇవ్వడం కుదరదన్నారు. రెండు చోట్లా గొడవ పడకుండా, "వద్దులెండి" అని బయటికొచ్చేసింది. మూడో కొట్లో షాపాయన మా ముందు పెట్టెలు పరిచాడు. ఒక్కో పెట్టె తీసి చదివింది. ప్రభుత్వ ప్రమాణం గుర్తు, దాంతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూసింది. ఆ నంబరు ఫోన్లో కొడితే పెట్టె మీదున్న కంపెనీ పేరే వచ్చింది. మా ఊళ్లో వోల్టేజీ పడుతూ లేస్తూ ఉంటుందని చెప్పి, ఎంత నుంచి ఎంత దాకా తట్టుకుంటుందో పెట్టె మీద వెతికి నాకు చూపించింది. వెలుగు ఎంతో తెలియాలంటే వాట్లు కాదు, ల్యూమెన్లు చూడాలట. అదీ చెప్పింది.

షాపాయనకి ఓపిక తగ్గింది. "ఏంటమ్మా, బల్బు కొంటున్నారా, పెళ్లి సంబంధం చూస్తున్నారా?"

"సంబంధమైతే నచ్చకపోయినా సర్దుకుపోతామండీ. కరెంటుతో సర్దుకుపోలేం కదా. మొన్న మా మావయ్యగారు పడిపోయారు."

షాపాయన ఒక్కొక్క బల్బూ బోర్డు మీద పెట్టి వెలిగించి చూపించాడు. అడక్కుండానే బిల్లు రాసి, వారంటీ కార్డు మీద స్టాంపు వేశాడు. ఇచ్చేటప్పుడు నావైపు తిరిగి, "మీ అమ్మాయా అండీ?" అన్నాడు.

"మా కోడలండీ" అన్నాను. కొట్లో అందరికీ వినపడేలాగే అన్నాను.

ఇంటికొచ్చి తనే బల్బులన్నీ బిగించింది. ఇల్లంతా వెలుగు పరుచుకుంది. మా ఆయన కళ్లజోడు పెట్టుకుని, "ఆ పెట్టె ఇటియ్యమ్మా" అన్నారు. ఏ అక్షరం దేనికో కోడలు పక్కన కూర్చుని చెబుతుంటే, బుద్ధిగా తల ఊపుతూ విన్నారు.

వానాకాలంలో పిడుగులు పడ్డ రోజున వాటిలో ఒకటి పోయింది. మంచివి కూడా పోతాయని అప్పుడు తెలిసింది. కోడలికి ఒంట్లో బాగాలేకపోతే, బిల్లు, కార్డు పట్టుకుని నేనే వెళ్లాను. కొట్లో గట్టిగా మాట్లాడే అలవాటు నాకెప్పుడూ లేదు. ఆ రోజు మాత్రం బల్బు కౌంటర్ మీద పెట్టి, "వారంటీ ఉందండీ, మార్చివ్వండి" అన్నాను. షాపాయన గుర్తుపట్టాడు. "మీ కోడలుగారు రాలేదా?" అంటూనే కొత్తది తీసిచ్చాడు.

మొన్న క్రిస్మస్‌కి నక్షత్రాలు కట్టుకునే రోజుల్లో మా వీధిలో ఆడవాళ్లు గుంటూరు వెళ్తూ కోడల్ని తోడు రమ్మన్నారు. ఆ వారంలోనే పక్క చేలో రైతు, తన కొట్టంలో బల్బు మిణుకుమంటోందని మా ఆయనతో చెబుతున్నాడు. నేను లోపల బియ్యం ఏరుకుంటున్నాను. వరండాలోంచి ఆయన గొంతు పెద్దగా వినిపించింది.

"ఒరేయ్, నువ్వు దాన్ని ముట్టుకోమాక. మా కోడలొచ్చి చూస్తుంది."