నీళ్లెక్కువైన టమాట నారు

నేను కోడేరు దగ్గరి అత్తవారింటికి వచ్చిన రెండో ఏడు, మా అన్న పట్నం నుంచి టమాట గింజలు తెచ్చిచ్చాడు. అప్పటికి ఆ ఊళ్లో ఆ కాయను చూసినవాళ్లే తక్కువ. గింజలను పగిలిన కుండలో చల్లి వసారాలో నీడన పెట్టాను. నారు జానెడు లేచింది. వానలు తగ్గాక ఒక పొద్దున ఇరవై మొక్కలను పెరట్లో బావి పక్కన నాటాను.

మధ్యాహ్నానికే అన్నీ తలలు వాల్చాయి. దాహమేమోనని చెంబుతో నీళ్లు పోశాను. సాయంత్రం మళ్లీ పోశాను. మూడో రోజుకు పై ఆకుల మీద తెల్లటి మచ్చలు పడ్డాయి, కింది ఆకులు పసుపురంగుకు తిరిగాయి. నేను ఇంకా పోశాను.

"ఏంది, వరి నాటేస్తున్నవా?" అంది మా అత్త. తెలియని కాయ ఇంట్లోకి రావడం ఆమెకు మొదటి నుంచీ ఇష్టం లేదు. నేను కొట్టంలోకి పోయి ఏడ్చాను. పుట్టింటి నుంచి వచ్చినవాటిలో నేను నా చేతులతో పెంచుకున్నది ఆ నారు ఒక్కటే.

మా చేనులో మిరప నాటడానికి వచ్చే ఒక ముసలామె ఉండేది. ఆమె నాటితే మొక్క బతుకుతుందని ఊళ్లో పేరు. కులం తక్కువని ఆమెను పెరట్లోకి, బావి దగ్గరికి రానిచ్చేవారు కాదు. అందుకని గోడ మీది నుంచే అడిగాను.

"ఒకటి పీకి గిటియ్యి, కోడలమ్మా" అంది. వేర్లు విప్పి చూసి, వాసన చూసింది. "వేరు మురుగుతున్నది. నీళ్లు చాలక కాదు, ఎక్కువై వాలినయి. నీడల పెంచి ఒక్కపారే ఎండల పడేస్తివి, ఆకు కాలింది."

"ఇప్పుడేం చెయ్యాలె, అవ్వా?"

"నీళ్లు బంద్ చెయ్యి. మన్నుల వేలు పెట్టి చూడు, లోపల పొడిగుంటెనే పొయ్యి. కొమ్మలు గుచ్చి నీడ చెయ్యి. దినాం జర్రంత ఎండ సూపియ్యి. నేను చూస్తే మంచిగుండు గాని..."

మాట మధ్యలో ఆగింది. నా వెనక మా అత్త నిలబడి ఉంది. తలలు వాల్చిన మొక్కల వైపు చూసింది.

"కొట్టం దిక్కుకెల్లి రా. బావి ముట్టకు" అంది చివరికి.

ముసలామె వచ్చి కొడవలి మొనతో బురద గుల్లచేసింది, నిలిచిన నీళ్లు పోవడానికి కాలువ తీసింది, మొదళ్లకు పొడి మన్ను ఎగదోసింది. పడమటి వైపు మోదుగ కొమ్మలు గుచ్చింది. అయ్యాక కడుక్కోవడానికి చేతులు చాపితే, చెంబు ఆమెకు తగలకుండా నేను పైనుంచి నీళ్లు పోశాను. అందులో తప్పుందని అప్పుడు నాకు తోచలేదు.

పదకొండు మొక్కలు చచ్చాయి. తొమ్మిదింటికి పది రోజుల్లో కొత్త చిగుళ్లు వచ్చాయి. మాడిన ఆకులు మాత్రం మళ్లీ పచ్చబడలేదు, రాలిపోయాయి. చలికాలంలో కాయలు పండాయి. మా అత్త వేలితో ఒకటి నొక్కి చూసి పక్కన పెట్టింది. ముసలామెకు కొంగు నిండా ఇచ్చాను.

"ఎట్ల తింటరు దీన్ని?" అని అడిగింది.

నాకూ సరిగ్గా తెలియదు. ఉప్పు, పచ్చిమిరపకాయలు వేసి నూరమన్నాను.