బల్ల కింద పెట్టుకున్న చేయి

నేను మొదటిసారి మనసు పారేసుకున్న మనిషికి సగం ఒళ్ళు ఇనుము. ఈ మాట చెబితే మా ఆఫీసులో అందరూ నవ్వుతారు. నవ్వుకోనివ్వండి, వాళ్ళకి ఆయన సంగతి తెలియదు.

ఆయన ఒక కంప్యూటర్ ఆటలో డిటెక్టివ్. ఎప్పుడూ వాన పడే ఒక పట్నంలో, తప్పిపోయిన మనుషుల్ని వెతకడం ఆయన పని. ఏదో ప్రమాదంలో కుడి చేయి, కుడి కన్ను పోతే, ఒక కంపెనీ వాటి బదులు ఇనుప చేయి, అద్దం కన్ను పెట్టింది. ఆ ఆట ఆడే మగపిల్లలకి ఆ చేయంటే పిచ్చి. దాంతో గోడలు పగలగొట్టేవాళ్ళు, తాళాలు విరిచేవాళ్ళు. నాకు నచ్చింది అది కాదు. పొద్దున్నే గది దాటే ముందు ఆయన కిటికీ దగ్గర కూర్చుని, మోచేతి కీలులో రెండు చుక్కల నూనె వేసుకునేవాడు. ఎవరింటికైనా వెళ్ళి, మీవాడు ఎప్పటి నుంచి కనబడటం లేదమ్మా అని అడిగేటప్పుడు ఆ చేతిని బల్ల కిందకి జరిపి పెట్టుకునేవాడు, ఎదుటివాళ్ళు జడుసుకోకూడదని. ఈ సంగతి ఆటలో ఎక్కడా రాసి ఉండదు. చూసేవాళ్ళు చూస్తారు, మిగతావాళ్ళు తాళాలు విరుచుకుంటారు.

నేను చూశాను. చూడకుండా ఎలా ఉంటాను? మా ఇంట్లోనూ ఒకరు అన్నానికి కూర్చున్నప్పుడు కుడి చేతిని చొక్కా కింద దాచుకునేవారు.

మాది చేవెళ్ళ దగ్గర ముడిమ్యాల. మా అన్న నాకంటే ఐదేళ్ళు పెద్ద. పదో తరగతి తప్పి, ఎంకపల్లి వైపు ఒక గులాబీ తోటలో అంటు కట్టే పనిలో చేరాడు. నాటు గులాబీ కొమ్మకి సన్నగా గాటు పెట్టి, మంచి రకం చెట్టు నుంచి తీసిన మొగ్గని అందులో దూర్చి, ప్లాస్టిక్ పట్టీతో చుడతారు. ఎడమ చేత్తో కొమ్మ పట్టుకోవాలి, కుడి చేత్తో కత్తి ఆడాలి. కొన్నాళ్ళకి పట్టీ విప్పితే అతుకు ఎక్కడుందో తెలియకూడదు. మా అన్న కట్టిన అంటుకి అతుకు కనబడదని తోట యజమాని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. అన్న అప్పుడు పక్కకి తిరిగి ఉత్తుత్తినే ఏదో పని చేసేవాడు, సిగ్గు.

నేను ఇంజనీరింగ్ మొదటి సంవత్సరంలో ఉండగా, ఇంట్లో గడ్డి కోసే మిషన్లో పడి అన్న కుడి చేయి మణికట్టు పైదాకా పోయింది. ఆ రోజు బర్రెలకి గడ్డి కోసే వంతు నాది. పరీక్ష ఉన్నది గదా, నువ్వు పోయి చదువుకో అని ఆయన వెళ్ళాడు. దీని గురించి ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

దవాఖాన నుంచి వచ్చాక తోట యజమాని ఆయన్ని గేటు దగ్గర కూర్చోబెట్టాడు. కత్తి పట్టిన మనిషి వచ్చే పోయే కార్ల నంబర్లు ఎడమ చేత్తో వంకరటింకరగా రాసేవాడు. ఆదివారం చర్చికి రావడం మానేశాడు. మా చర్చిలో పాట ఎత్తుకున్నారంటే అందరూ చప్పట్లు కొట్టాల్సిందే. “నేనేం కొట్టాలె?” అని మమ్మల్ని కన్న అవ్వని అడిగాడు. అవ్వ పాటల పుస్తకం చంకలో పెట్టుకుని ఒక్కతే వెళ్ళింది.

అవి కంప్యూటర్ నేర్చుకుంటే చాలు, బతుకు బాగుపడినట్టే అనుకునే రోజులు. శంకర్‌పల్లి దాకా చేలల్లో ప్లాట్ల జెండాలు లేచాయి. మొయినాబాద్‌లో మా కాలేజీ బస్సులు ఆగే చోట కిరాణా కొట్టు పక్కన, మటన్ కొట్టు పైన, ఎక్కడ చూసినా ఇంటర్నెట్ సెంటర్లే. సాయంత్రం అన్న తోటలో పని దిగి వచ్చేదాకా నేను ఒక సెంటర్లో కూర్చునేదాన్ని. ఆయన వచ్చాక ఇద్దరం కలిసి చేవెళ్ళ బస్సు ఎక్కాలి. ఇంట్లో మాత్రం ప్రాక్టీస్ అని చెప్పాను. ఆ ప్రాక్టీస్ ఏమిటో ఒకరోజు అన్న తొందరగా వచ్చి చూసేశాడు.

తిడతాడనుకున్నాను. ఆయన తెర వంకే చూస్తూ నిలబడ్డాడు. డిటెక్టివ్ ఒక ముసలావిడ ఎదురుగా కూర్చుని చేతిని బల్ల కిందకి జరుపుతున్నాడు.

“ఈయనకు గూడ చెయ్యి లేదా?” అన్నాడు.

“ఉన్నది. ఇనుపది.”

“మరి దాసుకుంటుండేంది?”

అందరికన్నా ముందు అది అడిగినవాడు మా అన్నే. నేను పక్క కుర్చీ లాగాను. ఆ రోజు మేం ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది.

ఆ ఆటకి రెండు చేతులు కావాలి. ఒకటి కీబోర్డు మీద, ఒకటి మౌస్ మీద. మేం వేరే పద్ధతి పెట్టుకున్నాం. కీబోర్డు నాది, అంటే నడక, పరుగు, తలుపులు తీయడం. మౌస్ తీగని ఎడమ వైపుకి లాగి అన్న పట్టుకునేవాడు. అంటే చూపు, చేయి ఆయనవి. ఇద్దరం కలిసి ఒక డిటెక్టివ్. నేను నడిపించినప్పుడు ఆయన ఇంకెటో చూసేవాడు, ఆయన తలుపు చూపిస్తే నేను గోడకి గుద్దేదాన్ని. “నీకు కండ్లు లేవా?” అనేవాడు. “కండ్లు నీయే గదా, సక్కగ చూడు,” అనేదాన్ని. సెంటర్ నడిపే ఆయన మమ్మల్ని చూసి తల కొట్టుకునేవాడు. ఒకరు లేకుండా ఇంకొకరు ఆటని ముందుకి జరపకూడదని ఒట్టు వేసుకున్నాం.

అన్నకి ఇంగ్లీషు చదవడం రాదు. డిటెక్టివ్ ఎవరితో మాట్లాడినా మాటలు తెర కింద ఇంగ్లీషులో పడేవి, నేను చదివి తెలుగులో చెప్పేదాన్ని. తర్వాత మూడు జవాబులు వచ్చేవి. గద్దించాలా, బతిమాలాలా, ఊరుకోవాలా అని. అన్న ఎప్పుడూ మెత్తటిదే ఎంచేవాడు. దొంగని కూడా, జర కూసో అన్నా, అన్నట్టు పలకరించాలనేవాడు. “గట్లయితే కేసు తెగదన్నా,” అని నేను నెత్తి నోరు కొట్టుకునేదాన్ని. “తెగకుంటే తెగకపోనీ. బెదిరిస్తే ఎవలన్న నిజం చెప్తరా?” అనేవాడు. ఆ డిటెక్టివ్ మీద నా ప్రేమ సగానికి పైగా అన్న ఆడించిన డిటెక్టివ్ మీదే అని ఇప్పుడు తెలుస్తోంది. నేను ఒక్కదాన్నే ఆడి ఉంటే ఆయన నాలాగే ముక్కుమీద కోపంతో ఉండేవాడు.

ఇక నేను చేసిన పని.

ఆటలో కంపెనీ డాక్టర్ దగ్గరికి వెళ్ళే ఘట్టం ఒకటి ఉంది. ఈ చేతికి ఎప్పటికైనా స్పర్శ వస్తుందా అని డిటెక్టివ్ అడుగుతాడు. రాదు, ఎవరికీ రాలేదు, సంతకాలు పెట్టించుకోవడానికి వస్తుందని చెబుతాం అంటాడు డాక్టర్. నేను అది చదివాను. పక్కకి చూస్తే అన్న మౌస్ వదిలేసి నా నోటి వంక చూస్తున్నాడు.

“ఏమంటుండు?”

“వస్తదంటుండు,” అన్నాను. “ఇంకొన్ని రోజులల్ల మంచిగ స్పర్శ వస్తదంట. మామూలు మనుషులకు గూడ ఇస్తరంట.”

“మామూలోళ్ళంటే?”

“అందరికి అన్నా. గిసుంటియి ఇప్పుడు నిజంగనే తయారు చేస్తున్నరు. మా కాలేజీల గూడ చెప్పిన్రు.”

కాలేజీలో ఎవరూ ఏమీ చెప్పలేదు. మా అన్న అమాయకుడు కాదు. ఆట ఆటే అని ఆయనకి తెలుసు. కానీ నేను మా వంశంలో మొదటి ఇంజనీరుని కదా. నా నోటి నుంచి వచ్చింది కాబట్టి నమ్మాడు. ఆ ఒక్క సాయంత్రం ఆయన మొహం చూసి సంతోషపడ్డాను కూడా, సిగ్గులేనిదాన్ని.

ఆ వారం అన్న అటక మీది నుంచి అంటు కట్టే కత్తి దించి సాన పట్టాడు. చర్చికి వచ్చి వెనక వరసలో కూర్చుని, ఎడమ చేత్తో తొడ మీద తాళం వేశాడు. అవ్వ ఇంటికి వచ్చాక మోకాళ్ళ మీద పడి దేవునికి స్తోత్రాలు చెప్పింది. మళ్ళీ అంటు కడతానని అన్న తోట యజమానికి కూడా చెప్పేశాడు. అప్పుడైనా నోరు విప్పవచ్చు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ గడిపాను.

చివరి సంవత్సరంలో కాలేజీకి వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నాకు పట్నంలో ఉద్యోగం ఇచ్చింది. సరిగ్గా అప్పుడే చేవెళ్ళలో ఒక బడి ఆవరణలో కృత్రిమ అవయవాల క్యాంపు పెట్టారు. కొలతలు తీసుకుని, కొన్ని వారాల తర్వాత రమ్మన్నారు. ఆ రోజు అన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరాడు, నేనూ వెంట వెళ్ళాను. కత్తి గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడని నాకు బస్సులో తెలిసింది.

వాళ్ళు ఇచ్చింది ప్లాస్టిక్ చేయి. వేళ్ళు ముందుకి వంగి అలాగే ఉండిపోయాయి. దాని రంగు మా ఇంట్లో ఎవరి రంగూ కాదు. తొడిగి పట్టీలు బిగించిన మనిషి మంచివాడు, పాపం, ఓపిగ్గా అన్నీ చెప్పాడు. అన్న అంతా విని, “ఇది ఎప్పటినుంచి కదుల్తది?” అని అడిగాడు.

“కదలదన్నా. చూపుకే.”

అన్న నా వైపు తిరిగాడు. “డాక్టరు చెప్పిండంటివి గదా చెల్లె.”

“అది ఆటల, అన్నా,” అన్నాను. అంతకంటే నీచమైన మాట నేను ఈ జన్మలో అనలేదు. అప్పుడు కూడా అసలు సంగతి చెప్పలేదు, నెపం ఆట మీదకి నెట్టాను.

ఆ ఆదివారం ఆయన ఆ చేయి తొడుక్కునే చర్చికి వచ్చాడు. పాట మొదలైంది, అందరితో పాటు చప్పట్లు కొట్టాడు. ప్లాస్టిక్ మీద అరచేయి పడి టక్ టక్‌మని వేరే చప్పుడు వచ్చింది. ముందు వరసలో పిల్లలు వెనక్కి తిరిగి చూశారు. అన్న చేతిని మెల్లగా బెంచీ కిందకి జరిపాడు. నేను ఆడవాళ్ళ వైపు కూర్చుని, ముసుగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను.

తర్వాత నేను పట్నంలో హాస్టల్లో చేరాను. నెలకోసారి వచ్చేదాన్ని. అలా వస్తూ ఒకసారి మొయినాబాద్‌లో దిగి సెంటర్‌కి వెళ్ళాను. ఆట చివరి మెట్టు దగ్గర ఆగి ఉంది, అన్నని తీసుకొచ్చి పూర్తి చేయించాలని నా ఆశ. సెంటర్ ఆయన నన్ను చూసి, “మీ అన్న వచ్చిండమ్మా పోయిన నెల,” అన్నాడు.

“ఆడిండా?”

“లేదు. ఆ డాక్టరుతోని మాట్లాడే ముచ్చట పెట్టుమన్నడు. ఇక్కడ కూసున్న కాలేజీ పిలగాణ్ణి పిలిచి తెలుగుల చదివిచ్చుకున్నడు. మళ్ళ చదువు, మళ్ళ చదువు అని నాలుగుసార్లు. లేచి పోయిండు. ఏందమ్మా, ఏమన్న కేసా?”

కేసేం లేదని చెప్పి చేవెళ్ళ బస్సు ఎక్కాను. బస్సు దిగి ఇంటికి చేరేదాకా ప్రార్థన చేసుకుంటూనే ఉన్నాను, అన్న నన్ను తిట్టాలని, ఒక్కటి కొట్టాలని.

అన్న తిట్టలేదు. కత్తి తోటలో కొత్తగా చేరినతనికి ఇచ్చేశానన్నాడు. పద అన్నా, ఆట పూర్తి చేద్దాం అంటే తల అడ్డంగా ఊపాడు. “నువ్వు ఆడుకో. ఆఖరికి ఆయనకు ఏమైతదో నాకు చెప్పు,” అన్నాడు. మళ్ళీ, “ఉన్నది ఉన్నట్టు చెప్పు,” అన్నాడు. అంతే. సెంటర్ మాట ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేకపోయాను.

సెంటర్లో ఆగిన ఆటని సీడీ మీద ఎక్కించుకొచ్చి, హాస్టల్లో ఒక అమ్మాయి కంప్యూటర్ మీద, ఒట్టు తప్పి, ఆ చివరి మెట్టు ఒక్కదాన్నే ఆడాను. ఆయన ఆడినట్టే ఆడాలని మౌస్ ఎడమ చేత్తో పట్టుకున్నాను. ప్రతి చోటా మెత్తటి జవాబే ఎంచాను. ఆఖరి ఘట్టంలో కంపెనీవాళ్ళు డిటెక్టివ్‌ని మాతోనే ఉండు, ఒళ్ళంతా కొత్తది చేస్తాం అంటారు. ఆయన ఇనుప చేతిని విప్పి వాళ్ళ బల్ల మీద పెట్టి లేస్తాడు. వానలో నడిచి వెళ్తుంటే ఖాళీ చొక్కా చేయి గాలికి ఊగుతుంది. బస్టాండులో ఒక ముసలాయన మా పిల్ల కనబడటం లేదయ్యా అంటాడు. డిటెక్టివ్ ఆయన పక్కన కూర్చుని, పుస్తకం తీసి, ఎడమ చేత్తో వంకరటింకరగా రాసుకోవడం మొదలుపెడతాడు. కళ్ళ నీళ్ళతో నాకు తెర కనబడలేదు. ఇది మా అన్న కోసమే చేశారు అనుకున్నాను.

శనివారం దాకా ఆగలేక సెలవు పెట్టి వచ్చాను. అన్న అరుగు మీద కూర్చుని ఒంటి చేత్తో చిక్కుడుకాయలు తుంచుతున్నాడు. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను, ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క వదలకుండా. బల్ల మీద పెట్టిన చేయి, ఊగిన చొక్కా, ఎడమ చేతి రాత, అన్నీ.

అన్న నా మొహం చూశాడు. తర్వాత నవ్వాడు. చిన్నప్పుడు నేను పలక మీద పిచ్చి బొమ్మ గీసి చూపిస్తే ఇలాగే నవ్వేవాడు.

“మంచిగ కట్టినవ్ చెల్లె,” అన్నాడు. “అతుకు కనపడ్తలేదు.”

“నిజమన్నా. ఆటల గట్లనే ఉన్నది. రా, చూపిస్త. నీ కండ్లతోని చూడు.”

“వద్దు,” అన్నాడు. “చూస్తే ఇది గూడ పోతది.”

గిన్నె నా వైపు జరిపాడు. మిగిలిన చిక్కుడుకాయలు ఇద్దరం కలిసి తుంచాం.