స్పార్కు తొందర, చేగోడీల డబ్బా

తొంభైల్లో మాకో పాత అంబాసిడర్ ఉండేది. మెకానిక్ గారు ఒక బల్బు, రెండు వైర్లతో దాని టైమింగ్ పెట్టడం చూసిన రోజు నుంచి నా చేతులు ఊరుకోలేదు. సిలిండర్‌లో పిస్టన్ పూర్తిగా పైకి రాకముందే పెట్రోలును మండించే స్పార్కు పడాలి. ఎంత ముందన్నదే టైమింగ్, అది డిస్ట్రిబ్యూటర్ చూసుకుంటుంది. దాని నట్టు వదులు చేసి కాస్త తిప్పితే చాలు, బండి గుణమే మారిపోతుంది. పిడికెడంత వస్తువుకి అంత పెత్తనమేంటో తేల్చుకోవాలని నాకు ఒకటే ఆరాటం.

"బల్బు వెలిగితే సగం పనేనండి. మిగతాది చెవితో వినాలి," అన్నారాయన. నేను ఆ సగంతోనే సరిపెట్టుకున్నాను.

ఒక ఆదివారం పాలకొల్లులో మా ఇంటి ముందు నేనే టైమింగ్ పెట్టాను. స్పార్కు కొంచెం ముందుకు జరిపితే బండికి హుషారొచ్చింది. బుద్ధి ఉన్నవాడు అక్కడ ఆగుతాడు. నేను ఇంకొంచెం జరిపాను.

అప్పటికే ఆ కారు రెండుసార్లు అమ్మను నడిరోడ్డు మీద దింపింది. జంగారెడ్డిగూడెంలో పిన్ని ఇంటికి బయలుదేరే ముందు అమ్మ చెయ్యి చాపింది.

"ఇంకోసారి దారిలో ఆగిందంటే అమ్మేస్తానని ఒట్టెయ్యి."

వేశాను. ఆ కారు లేకపోతే నాకు ఏమీ తోచదు, అయినా వేశాను.

మెట్టలోకి వెళ్లి ఎత్తు మొదలవగానే గలగలమని చప్పుడు. వెనక సీట్లో అమ్మ ఒళ్లో చేగోడీల స్టీలు డబ్బా ఉంది.

"అమ్మా, ఆ డబ్బా కాస్త గట్టిగా పట్టుకో. చెవులు చిల్లులు పడుతున్నాయి."

అమ్మ డబ్బాను కొంగులో చుట్టి పొట్టకి అదుముకుంది. చప్పుడు పోలేదు. యాక్సిలరేటర్ వదిలితే ఆగింది, తొక్కితే మళ్లీ మొదలైంది. చేగోడీలకీ యాక్సిలరేటర్‌కీ ఏం సంబంధం? అప్పుడు తట్టింది. మా వైపు ఎత్తంటే కాలువ వంతెనే. నా టైమింగ్ చదును నేల మీదే పాసైంది. స్పార్కు మరీ ముందే పడి, పైకొచ్చే పిస్టన్‌కి ఎదురు తన్నుతోంది.

ఇలాగే తొక్కితే ఇంజిన్ పోతుంది. ఆపితే ఒట్టు ప్రకారం కారే పోతుంది. నిజంగా భయమేసింది. పామాయిల్ తోట పక్కన ఆపేశాను.

బానెట్ ఎత్తి, స్పార్కు ఆలస్యంగా పడేలా డిస్ట్రిబ్యూటర్‌ను వెంట్రుకవాసి తిప్పాను. కొంత ఎక్కాక చూస్తే గలగల తగ్గింది గానీ పోలేదు. మళ్లీ ఆపి ఇంకో వెంట్రుకవాసి తిప్పాను. ఈసారి ఎత్తు ఎక్కుతుంటే అమ్మే ముందుకు వంగి చెవి పెట్టింది.

"లేదురా. ఇప్పుడు లేదు," అంది.

పిన్ని గుమ్మంలోనే పట్టుకుంది. "ఇంత ఆలస్యమేంటక్కా? మళ్లీ ఆగిందా ఏంటి ఆ కారు?"

నేను చెప్పులు విప్పుతూ తలెత్తలేదు.

"ఆగలేదే. ఈ డబ్బా ఒకటే గోల పెడుతుంటే, సర్దుకుందామని నేనే రెండుసార్లు ఆపించాను," అంటూ అమ్మ చేగోడీల డబ్బా పిన్ని చేతిలో పెట్టింది.