స్కూటీ బడికి ఒక సీసా

మిలట్రీ ఆయన భార్యనని తెలిస్తే చాలు, కరీంనగర్‌లో ఎవరైనా నన్ను అడిగేది ఒకటే. ఆయన ఏ కొండల్లో ఉన్నాడు, ఆ చలికి ఎలా తట్టుకుంటున్నాడు అని కాదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "మిలట్రీ మందు ఒకటి దొరుకుతదా మేడం?" అని. గ్యాస్ బండ తెచ్చే ఆయన అడిగాడు. పన్ను పీకిన డాక్టరైతే నా నోట్లో దూది ఉండగానే అడిగాడు. నేను తల అడ్డంగా ఊపితే నొప్పి అనుకుని ఇంకో సూది వేశాడు.

మాది కాగజ్‌నగర్. బాపు, అంటే మా నాన్న, మిల్లులో పనిచేసేవాడు, ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేవాడు. దగ్గుమందు సీసాను కూడా వాసన చూడందే ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు. అలాంటి ఇంట్లో పుట్టి, చుక్క ముట్టని మనిషిని ఏరికోరి చేసుకుంటే, ఊరందరి కళ్ళకూ నేను వైన్ షాపులా కనబడ్డాను.

ఆయన వెంట ఊళ్ళు తిరిగినన్నాళ్ళూ ప్రతిచోటా ఏదో ఒక బడిలో టీచరుగా చేరేదాన్ని. పిల్లల పేర్లు నోటికి వచ్చేసరికి బదిలీ వచ్చేది. చివరికి కుటుంబాన్ని తీసుకుపోరాని చోటికి ఆయన్ని వేస్తే, నేను కరీంనగర్‌లో అద్దె ఇంట్లో దిగాను. పొద్దంతా ఫోను వంక చూడడమే పని. అన్నేళ్ళ తిరుగుళ్ళలో నేను పూర్తిగా నేర్చుకున్న విద్య స్కూటీ నడపడం ఒక్కటే.

పక్క గల్లీలో ఒకామె ఉండేది, అక్కలాంటిదని ఆపా అని పిలిచేదాన్ని. ఆమె భర్తా మిలట్రీయే. ఇంటిముందు స్కూటీకి దుప్పటి కప్పి ఉండేది, ఆయన సెలవుకు వస్తేనే ఆ దుప్పటి లేచేది. పిల్లకు జ్వరమొచ్చి ఆటో దొరకని రోజున ఆమె నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"బండి ఇంట్ల పెట్టుకొని ఆటో కోసం ఉరుకుతున్న చెల్లె."

"ఫికర్ చెయ్యకు ఆపా, నేను నేర్పిస్త," అన్నాను.

అలా మొదలైంది. కొన్నాళ్ళకు చుట్టుపక్కల మిలట్రీ ఇళ్ళలో చాలా దుప్పట్లు లేచాయి. ఊరి చివర ఒక సేటు గ్రానైట్ యార్డులో చదునైన జాగా దొరికింది. చుట్టూ గోడ ఉంది, గేటు ఉంది, కింద పడితే నవ్వేవాళ్ళు లేరు. అందరికన్నా ఎక్కువ మారింది నేనే. మిలట్రీ ఆయన భార్యను కాస్తా స్కూటీ టీచరమ్మనయ్యాను. ఎవరైనా అలా పిలిస్తే ఎంత సంతోషమో!

అంతలో సేటు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

"జాగ ఊకెనే ఇచ్చుడు ఎట్లయితది చెల్లె? మీ ఆయన సెలవుకు వస్తుండట గద. ఒక్క సీసా. అసలుది. లేకుంటె గేటుకు తాళమే."

"కిరాయి ఇస్త సేటు."

"పైసలు నా దగ్గర లెవ్వా?"

వేరే జాగాలు వెతికాం. ఒకచోట కుక్కలు, ఇంకోచోట లారీలు. బడి మూతపడితే మళ్ళీ ఫోను వంక చూస్తూ కూర్చోవాలి. ఆ భయంతోనే మా ఆయనకు ఫోన్ చేసి సీసా తెమ్మన్నాను.

"ఎవలికి?"

"స్కూటీ బడికి."

"ఇన్నేండ్లు నా వంతు మందు పక్కోళ్ళకే ఇచ్చిన. ఇప్పుడు స్కూటీలు సుత తాగుతున్నయా?" అన్నాడు.

సెలవుకు వచ్చినప్పుడు ఉన్ని మేజోళ్ళలో చుట్టి తెచ్చాడు. ఆయన తిరిగి వెళ్ళేదాకా అది బియ్యం డబ్బాలో దాగింది. వండిన ప్రతిసారీ, అచ్చం బాపులాగే, బియ్యం వాసన చూశాను.

ఆయన్ని రైలెక్కించిన మర్నాటి సాయంత్రం సీసా సంచిలో వేసుకుని యార్డుకు పోయాను. గేటు దగ్గర ఆపా నిలబడి ఉంది. ఆమె బుర్ఖా చాటునా ఒక సంచి. నన్ను చూసి గబుక్కున వెనక్కి జరిగింది, సంచి గోడకు తగిలి ఠంగుమంది.

"ఏంది ఆపా అది?"

"పిండి. గిర్నీ కాడికెల్లి వస్తున్న."

"పిండి మోగుతదా?"

"మరి నీ సంచిల ఏందో?"

"బియ్యం," అన్నాను. అప్పుడే నా సంచి గేటుకు తగిలి బియ్యమూ మోగింది.

చర్చి తప్పని నేను, నమాజు తప్పని ఆమె. సేటు ఇద్దరినీ విడివిడిగా అడిగాడన్నమాట!

"ఏం జేస్త చెల్లె? బడి బందయితదని పరేషాన్ అయిన," అంది ఆపా.

నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. నాకంటూ ఒక పని ఉండాలని పెట్టుకున్న బడి. దాన్ని నిలబెట్టడానికి నన్ను నేనే పోగొట్టుకుంటే ఇక మిగిలేదేముంది? ఆ మాటే ఆపాతో అన్నాను. ఆమె తన సీసా బయటకు తీసింది.

మూతలు తీయడం ఇద్దరికీ రాదు. చాలాసేపు కుస్తీ పట్టి, రెండు సీసాలూ గ్రానైట్ బండ మీద వంచేశాం. వాసనకు సేటు లోపలినుంచి ఉరికొచ్చాడు.

"అయ్యో! గదేం పని చెల్లె! అసలుది! అసలుది పారవోస్తున్నరా!"

వాళ్ళ ఇల్లు యార్డు వెనకే, ఆ కేకలకు ఆయన భార్యా వచ్చింది. తడిసిన బండను చూసింది, మొగుణ్ణి చూసింది.

"తాగుడు బంద్ చేసిన అని నా మీద ఒట్టేసినవు గద?"

ఆమె ఆయన జేబులోంచి గేటు తాళంచెవి తీసి కొంగుకు ముడేసుకుని నావైపు తిరిగింది.

"రేపు ఎప్పుడు రావాలె చెల్లె? నేను సుత నేర్చుకుంట."

తర్వాతి సెలవుకు మా ఆయన్ని తీసుకురావడానికి రైల్వే స్టేషనుకు స్కూటీ మీద నేనే పోయాను. పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని నేను ముందు, ఆయన వెనక. మా గల్లీ మలుపులో గ్యాస్ బండ ఆయన ఎదురయ్యాడు. మా ఆయన్ని చూశాడు, పెట్టెను చూశాడు, చెయ్యెత్తి బండి ఆపాడు. మా ఆయన నా వీపు వెనక దాక్కోబోయాడు. గ్యాస్ ఆయన అటూ ఇటూ చూసి, దగ్గరికొచ్చి, గొంతు తగ్గించాడు.

"టీచరమ్మా, మా ఆమెకు స్కూటీ నేర్పిస్తరా?"