రిపోర్టు వచ్చేలోపు నంద్యాల

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పిల్లలు పుట్టాలని వైద్యానికి వెళ్లేవాళ్లు తక్కువేమీ కాదు. అయినా ఏ బస్సు ఎక్కాలి, ఎక్కడ తినాలి, ఎంతసేపు కూర్చోవాలి అన్నది ఎవరూ చెప్పరు. అడిగితే మహానందికి పోయొచ్చామంటారు. మూడేళ్లుగా మా అత్తకూ వీధివాళ్లకూ నేనూ అదే చెబుతున్నాను. నా అంత భక్తురాలు లేదని పేరు కూడా వచ్చింది. కొత్తగా ఈ దారి పట్టేవాళ్లకు పనికొస్తుందని నా డైరీలోంచి ఒక రోజు తీసి రాస్తున్నాను.

ఉదయం ఆరూ నలభైకి పల్లెవెలుగు ఎక్కాను. ఎక్స్‌ప్రెస్ కాస్త ముందు చేరుస్తుంది గానీ ఆ వేళకు సీటు దొరకదు. ఆడవాళ్లకు ఇప్పుడు సున్నా టికెట్టు. ఆధార్ కార్డు చేతిలోనే ఉంచుకోండి, సంచి అడుగున వెతుక్కుంటుంటే కండక్టరు విసుక్కుంటాడు. వెనక చక్రం మీది సీటు మాత్రం వద్దు. నేను డ్రైవరు వెనక మూడో వరుసలో కూర్చున్నాను. మూడుసార్లు కడుపు నిలవని మనిషికి రోడ్డు మీది ప్రతి గుంతా ముందే కనిపిస్తుంది.

ఆ రోజు పని ఒక్కటే. మందులూ సూదులూ అయిపోయి రెండు వారాలు దాటింది. రక్తం ఇచ్చి, గర్భం వచ్చిందో లేదో తెలుసుకోవాలి. మా ఆయన వస్తానన్నాడు. పని మానితే నలుగురూ ఆరా తీస్తారని నేనే వద్దన్నాను.

శిరివెళ్లలో ఒక పెద్దామె వంకాయల సంచితో ఎక్కి నా పక్కన కూర్చుంది.

"యాడికి పోతాండావ్ పాపా?"

"నంద్యాలకవ్వా."

"పిల్లోళ్లెంతమంది?"

"ఇంకా లేరు. పెండ్లయి ఐదేండ్లు." రెండో ప్రశ్న ఎలాగూ వస్తుందని ముందే చెప్పేశాను.

"మా చిన్నకోడలికి తొమ్మిదేండ్లకు పుట్టినాడు. దేవుడిచ్చినాడని ముద్దు జేస్తిమి. ఇప్పుడు వాడు ఇంట్లో ఎవర్నీ నెమ్మదిగా ఇంత అన్నం తిననీడు. పిల్లోళ్లు లేనన్నాళ్లు నువ్వు బాగా తిను," అంది.

నవ్వొచ్చింది. పిల్లల గురించి ఎవరో అడిగితే నేను నవ్వడం అదే మొదలు.

ఎనిమిదికి నంద్యాల చేరాం. బస్టాండు బయట బొరుగుల ఉగ్గాని, రెండు బజ్జీలు తిన్నాను. ఈ పరీక్షకు పరగడుపున ఉండక్కర్లేదు. మొదటిసారి తెలియక ఖాళీ కడుపుతో వచ్చి మెట్ల మీదే కళ్లు తిరిగి కూలబడ్డాను. అక్కడి నుంచి షేర్ ఆటోలో ఆసుపత్రి. ఎనిమిదిన్నరకు రక్తం తీశారు. రిపోర్టు ఒంటిగంటకన్నారు.

నాలుగున్నర గంటలు ఏం చేయాలన్నదే ఈ ప్రయాణంలో అసలు కష్టం. నేను గ్రంథాలయానికి వెళ్లాను. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఒక నవల తెరిచి ఒకే పేజీ నాలుగుసార్లు చదివాను. పదకొండుకు మూసేస్తారు, మళ్లీ సాయంత్రం దాకా తెరవరు. అది గుర్తుపెట్టుకోండి.

తిరిగి ఆసుపత్రికొచ్చేసరికి హాల్లో కిటికీ పక్కన షమీమక్క కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. ఆమెది కోయిలకుంట్ల. టైలరు. రెండేళ్లుగా ఇక్కడే చూస్తున్నాను గానీ ఎప్పుడూ పలకరించలేదు. ఆ రోజు ఆమే పిలిచింది.

"దా చెల్లీ, కూచో. ఈ కుర్చీ నాది, పేరొక్కటే రాయించల్ల. ఎన్ని పోయినాయి నీకు?"

"మూడు."

"నాకు నాలుగు. నీకంటే సీనియర్‌ను. లేచి నమస్కారం పెట్టు."

నిజంగానే లేవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

పన్నెండున్నరకు మా ఆయన ఫోను. ఆయన ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కుతాడు.

"ఏమన్నారు భారతీ?"

"ఒంటిగంటకంట."

"ఈడ కొత్త రాయి దిగింది. ఇప్పుడే పూజంట. మేస్త్రి నన్ను టెంకాయ కొట్టమంటాండాడు."

ఆళ్లగడ్డలో ఉండనివాళ్లకు ఇది చెప్పాలి. రాయి దిగితే దాన్ని చెక్కబోయేవాడే టెంకాయ కొడతాడు. భార్య కడుపుతో ఉంటే మాత్రం కొట్టకూడదు, పక్కవాడికి ఇవ్వాలి. మూడుసార్లు మా ఆయన టెంకాయ పక్కవాడికిచ్చాడు. నోరు విప్పకుండానే అందరికీ తెలిసిపోయి, మిఠాయి ఏదని పీడించారు. మూడుసార్లూ కొన్ని వారాలకే మళ్లీ తనే కొట్టాడు. ఆ రోజుల్లో పూజ దగ్గర ఎవరూ మాట్లాడలేదట. నేను మంచం దిగకముందే వీధంతా తెలిసింది.

"ఒంటిగంట దాకా ఆపలేవా? తలనొప్పి అని చెప్పు," అన్నాను.

"టెంకాయ తలకాయతో కొడతారా ఏందే?"

షమీమక్క నోటికి చీర అడ్డం పెట్టుకుని నవ్వింది. కాసేపు ఆపి చూస్తానని ఆయన ఫోను పెట్టేశాడు.

ఒంటిగంటా పదికి పిలిచారు. డాక్టరమ్మ కాగితం నా వైపు తిప్పింది. "వచ్చిందమ్మా. కానీ రక్తంలో హార్మోను అంకె చిన్నది. ఎల్లుండి మళ్లీ రక్తం ఇవ్వాలి. రెట్టింపు దరిదాపుల్లో పెరగాలి. అప్పటిదాకా నేనేమీ మాటివ్వలేను."

"ఇంట్లో చెప్పొచ్చా మేడమ్?"

"అది వైద్యం కాదు కదా. మీ ఇష్టం."

గదిలోంచి హాల్లోకొచ్చి ఫోను చేశాను. మొదటి గంటకే ఎత్తాడు. అంతా చెప్పాను.

"టెంకాయ చేతిలోనే ఉండాది," అన్నాడు. "అందరూ నన్నే చూస్తాండారు. కొట్టేస్తే ఎవరికీ తెలీదు. ఎల్లుండి చూసుకోని చెప్పొచ్చు."

ఎల్లుండి అంకె పెరగకపోతే? నాలుగోసారి ఆ చూపులు, ఆ జాలి. కానీ కొట్టేస్తే, ఉన్న ఈ రెండు రోజులు కూడా లేనట్టే బతకాలి. హాలు నిండా మనుషులున్నారు. నేను పైకి గట్టిగా మాట్లాడే మనిషిని కాను.

"కొట్టొద్దు," అయినా గట్టిగానే అన్నాను. "పక్కనోళ్లకియ్యి."

"మళ్లా ఏమన్నా అయితే?"

"అదీ తెలుస్తాది. మూడుసార్లు తెలిసింది గదా, బతికే ఉండాం."

ఫోను దూరంగా పెట్టి ఆయన అన్న మాట విన్నాను: "మస్తానన్నా, నువ్వు కొట్టు." ఉలుల చప్పుడు ఆగిపోయింది. టెంకాయ పగిలింది. ఎవరో ఈల వేశారు.

షమీమక్క దారం కొరికి, "ఎల్లుండి నేను రాను, నా కుర్చీలో కూచో. పేరు మార్చొద్దు," అంది.

రెండున్నర బస్సుకు సీటు సులువుగా దొరికింది. ఎండ కిటికీలోంచి ఒళ్లోకి పడుతోంది. రెండు వైపులా శనగ చేలు. పోయేటప్పటి భయం అలాగే ఉంది, అబద్ధం చెప్పను. దాన్ని ఒక్కదాన్నే మోయనక్కర్లేదన్నది మాత్రం కొత్త. ఆళ్లగడ్డకు గంటపైన ప్రయాణం. వార్త నాకంటే ముందే చేరింది.

బస్సు దిగేసరికి మా అత్త నిలబడి ఉంది. నా కోసం ఆమె బస్టాండుకు రావడం ఎన్నడూ లేదు. మా ఆయన అంతా చెప్పేసినట్టున్నాడు, మహానంది ప్రసాదం ఏదని అడగలేదు. నా చేతిలోంచి సంచి తీసుకుని రెండడుగులు ముందు నడిచి, వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఎల్లుండి ఎన్నింటికి పోవల్ల మనం?"