కొంగు మీద నేసిన జవాబు

ఆ రోజుల్లో కొత్తవాళ్ళతో ఫోన్లో మాట్లాడడం కంటే, మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా పెనుకొండ కొండెక్కడం నాకు సులువుగా ఉండేది. (ఇప్పుడు పెద్దగా మారానని కాదు.) అందుకే ధర్మవరంలో పట్టుచీరల అంగట్లో పనికి చేరిన కొత్తలో యజమాని, "పాపా, పెండ్లిచీర కొంగు మీద పెండ్లికొడుకు పేరు నేయించుకునేవాళ్ళకంతా ఫోన్ చేసి పేర్లు కనుక్కో" అనగానే వినబడనట్టు చీరలు మడతపెట్టసాగాను. ఆ గండం తప్పించుకోవడానికే, అప్పుడప్పుడే నేర్చుకుంటున్న వెబ్ ప్రోగ్రామింగ్‌తో ఒక పేజీ తయారు చేశాను. పేరు పెండ్లికూతురే టైపు చేస్తుంది, అది తెలుగులో ఉందో లేదో పేజీయే చూసుకుంటుంది, ఉంటే నేరుగా డిజైనై మగ్గానికి పోతుంది. ఎవరూ ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. నా దృష్టిలో స్వర్గమంటే అదే.

తెలుగో కాదో తేల్చడానికి పేజీలో నేను రాసిన నియమం, అంటే ప్యాటర్న్, వెతికేది ఒక్కటే: ఇందులో ఎక్కడైనా తెలుగు అక్షరం ఉందా? మొదటినుంచి చివరిదాకా పేరు తప్ప మరేమీ ఉండకూడదనీ, ఇంత పొడవు దాటకూడదనీ చెప్పాలని నాకు తోచలేదు. పేరు అడిగితే ఎవరైనా పేరు కాక ఇంకేం రాస్తారు?

గుడిబండ పెండ్లికూతురి చీర మగ్గం దిగిన రోజు మడత విప్పి కొయ్యబారిపోయాను. కొంగు ఈ చివరనుంచి ఆ చివరిదాకా, మెరిసే జరీలో: 'ఆయన పేరు నేను చెప్పను, మా నాయన్ను అడగండి.'

"మామా, ఇదేంది?" అని నేతమామను అడిగాను.

"కంప్యూటరే సరే అనింది కదమ్మా, కాదనేదానికి నేనెవుర్ని? జరీ మాత్రం శానా పట్టింది."

పెండ్లి ఎల్లుండి. మళ్ళీ నేసే వ్యవధి లేదు. "ఆ పిల్ల ఏడ్చిందంటే, రేపట్నుంచి నువ్వు ఈడికి రావద్దు" అన్నారు యజమాని.

మధ్యాహ్నం బస్సుకు పెండ్లికూతురు, వాళ్ళవ్వ దిగారు. చీర పరిచాను. "ఏం రాసుండాది?" అంది అవ్వ. "నువ్వే చదువు" అన్నారు యజమాని నాతో. కొత్తవాళ్ళ ముందు, అంతమంది వింటుండగా, చదివాను. పెండ్లికూతురు ఓణీ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదిరాయి. నా ఉద్యోగం పోయిందనుకుంటుండగా కిసుక్కుమన్న శబ్దం వినబడింది.

"నేను రాసిందే నేసినారు కదవ్వా!"

"మొగుని పేరు నోటితో చెప్పకూడదు గానీ, చీర చెప్తే తప్పేముండాది?" అవ్వ కొంగును వేళ్ళతో తడిమింది. "ఆ పెండ్లికొడుకు కూర్చోని చదువుకోనీ, తన పేరు యాడుందో ఎతుక్కుంటాడు. కట్టియ్యమ్మా, పోవల్ల."

ఆ తర్వాత ప్యాటర్న్ సరిచేశాను. ఇప్పటికీ ఏ పేజీ రాసినా, పరీక్షించడానికి మొట్టమొదట టైపు చేసేది ఆ కొంగు మీది వాక్యమే. అది లోపలికి పోకపోతేనే నాకు ధైర్యం.

మొన్న నాకు హిందూపురం సంబంధం ఖాయమైంది. ఆ సంగతి డైరీలో రాస్తూ, పేరు రాయాల్సిన చోట 'ఆయన' అని రాసి ఆగిపోయాను. కొట్టేసి పేరు రాద్దామనుకున్నాను. చెయ్యి రాలేదు.